మనవరాలి మాట ఎవరు వినాలి, ఎలా వినాలి

ప్రశ్న: అమ్మా, నేను గుంటూరు బ్రాడీపేటలో ఉంటున్న రిటైర్డ్ ఉపాధ్యాయుడిని. మా అమ్మాయి పోయిన జూన్‌లో అమెరికాలోని డాలస్ నుంచి ఇద్దరు పిల్లలతో మా ఇంటికి వచ్చింది. ఇక తిరిగి వెళ్ళనంటోంది. మనవరాలికి 11 ఏళ్ళు, మనవడికి 6 ఏళ్ళు. ఇద్దరూ అక్కడే పుట్టారు. అల్లుడు అక్టోబరులో టెక్సస్ కోర్టులో కేసు వేశాడు. వియ్యాలవారిది విజయవాడ సత్యనారాయణపురం; ఆరు నెలలుగా రాకపోకలు లేవు. ఇప్పుడు రెండు వైపుల లాయర్లూ మాట్లాడుకుని మధ్యవర్తిత్వానికి ఒప్పుకున్నారు. విజయవాడ నుంచి ఒకరు, డాలస్ నుంచి ఒకరు మధ్యవర్తులుగా వీడియో కాల్‌లో సమావేశాలు జరుపుతున్నారు. రెండో సమావేశంలో వాళ్ళు, పిల్లలతో కూడా ఒక నిపుణురాలు విడిగా మాట్లాడితే మంచిదన్నారు. పెద్దవాళ్ళ గొడవలోకి పసివాళ్ళను లాగడం నాకు మింగుడుపడడం లేదు. మనవరాలు నాతో ఎన్నోసార్లు "నేను అమెరికా వెళ్ళను తాతయ్యా" అంది. ఆ మాట ఫోన్‌లో వీడియో తీసి ఉంచాను. అది పంపితే సరిపోదా? లేకపోతే రెండు వైపుల నుంచి నలుగురు పెద్దమనుషులు కూర్చుని, పిల్లను ఒక్కమాట అడిగితే తేలిపోదా? అసలు పిల్లలు చెప్పినదానికి విలువ ఉంటుందా? రేపు ఆ మాటనే కోర్టులో మా మీదకు తిప్పుతారా?

సమాధానం:

మాస్టారూ, ముందుగా మీకు కావలసిన జవాబు చెప్పి, కారణాలు తరవాత చెబుతాను. మధ్యవర్తుల ప్రతిపాదనకు ఒప్పుకోమని మీ అమ్మాయికి చెప్పండి. కానీ పిల్లలతో మాట్లాడేది ఎవరు, ఎక్కడ, ఏ భాషలో, వాళ్ళు చెప్పిన మాట ఎవరి చెవిన పడుతుంది అనే విషయాలు ముందుగా కాగితం మీద తేలాకే ఒప్పుకోమనండి. మీ ఫోన్‌లో ఉన్న వీడియో మధ్యవర్తులకు గానీ, అల్లుడికి గానీ, బంధువుల గ్రూపుల్లోకి గానీ పంపకండి. అలాంటిది ఒకటి ఉందని మీ అమ్మాయి లాయరుకు మాత్రం చెప్పండి. పెద్దమనుషుల మధ్య పిల్లను నిలబెట్టి అడిగే ఆలోచన మాత్రం పూర్తిగా మానుకోండి.

పిల్లలను గొడవలోకి లాగకూడదన్న మీ బాధ న్యాయమైనదే. అయితే వాళ్ళు ఇప్పటికే ఆ గొడవ మధ్యలో ఉన్నారు. జూన్‌లో విమానం ఎక్కినప్పుడు అది సెలవులకో, శాశ్వతంగానో ఆ పిల్లకు ఎవరైనా చెప్పారా? తన గది, తన స్కూలు, తన స్నేహితులు, నాన్న అన్నీ ఒక్కరోజులో దాదాపు తొమ్మిదివేల మైళ్ళ అవతలికి వెళ్ళిపోయాయి. తన గురించి రెండు దేశాల్లో లాయర్లు మాట్లాడుకుంటున్నారని 11 ఏళ్ళ పిల్లకు తెలియదనుకోవడం పెద్దవాళ్ళ భ్రమ. హాల్లో గొంతు తగ్గించి మాట్లాడుకునే ఫోన్ సంభాషణలను పిల్లలు తలుపు చాటునుంచి వింటారు. సగమే వింటారు కనుక మిగతా సగాన్ని భయంతో పూరించుకుంటారు. ఎవరో ఒకరు కూర్చోబెట్టి "నీకు ఎలా ఉంది?" అని అడగడం ఆ పిల్లకు కొత్త బరువు కాదు. చాలాసార్లు, ఉన్న బరువు కాస్త దింపుకునే మొదటి అవకాశం అదే అవుతుంది.

ఇక్కడ ఒక తేడాను స్పష్టంగా పట్టుకోవాలి, ఎందుకంటే మీ ఉత్తరంలో రెండూ కలిసిపోయాయి. పిల్లల మాట వినడం వేరు, పిల్లల చేత ఎంపిక చేయించడం వేరు. మన ఊళ్ళ పంచాయితీల్లో జరిగేది రెండోది. నడి హాల్లో, అటు నలుగురు ఇటు నలుగురు కూర్చుని ఉండగా, "చెప్పు తల్లీ, ఎవరి దగ్గర ఉంటావు?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు ఏ జవాబిచ్చినా ఆ బిడ్డ ఒకరిని పోగొట్టుకున్నట్టే, పైగా ఆ నష్టాన్ని తన నోటితో తానే ప్రకటించినట్టు. అప్పటికి గొడవ ముగిసినా, "నేను ఆ రోజు అలా అన్నందుకే నాన్న రావడం మానేశాడు" అన్న నమ్మకంతో పెరిగి పెద్దవాళ్ళైనవారు మన చుట్టూ ఉన్నారు. శిక్షణ పొందిన నిపుణురాలు ఆ ప్రశ్న వేయదు. పిల్లే తనంతట తాను "నేను అమ్మ దగ్గరే ఉంటాను" అన్నా, ఆమె దాన్ని తీర్పుగా రాసుకోదు; ఆ మాట వెనక ఏముందో నెమ్మదిగా అడుగుతుంది. నిర్ణయం మీ అమ్మాయిదీ అల్లుడిదీ, వాళ్ళకు కుదరకపోతే కోర్టుది. పిల్లలకు ఈ సంగతి మొదటి నిమిషంలోనే, తేటతెల్లంగా చెప్పాలి.

ఈ పద్ధతి ఎవరో కొత్తగా కనిపెట్టి మీ మనవరాలి మీద ప్రయోగిస్తున్నది కాదు. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో 12వ అధికరణం, తనకు సంబంధించిన అన్ని విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు పిల్లలకు ఉందని, వయసును బట్టి, పరిణతిని బట్టి ఆ అభిప్రాయానికి తగిన విలువ ఇవ్వాలని చెబుతుంది. భారతదేశం 1992 డిసెంబరులో దానిలో చేరింది. ఆ అధికరణాన్ని ఎలా అమలు చేయాలో బాలల హక్కుల కమిటీ 2009లో వివరిస్తూ, మాట్లాడకుండా ఉండడం కూడా పిల్లల హక్కేనని, వాళ్ళ మీద ఒత్తిడి గానీ ప్రలోభం గానీ ఉండకూడదని చెప్పింది. అదే ఒడంబడికలో 10వ అధికరణం, తల్లిదండ్రులు వేరువేరు దేశాల్లో ఉంటే ఇద్దరితోనూ క్రమం తప్పకుండా సంబంధం నిలుపుకునే హక్కు బిడ్డకు ఉందంటుంది. అమెరికా ఈ ఒడంబడికను ఇప్పటికీ ఆమోదించలేదు. అది వేరే కథ. ఇంగ్లండులో కుటుంబ మధ్యవర్తులు 10 ఏళ్ళు నిండిన పిల్లలకు మాట్లాడే అవకాశం ఇవ్వజూపాలన్నది వృత్తి నియమాల్లోనే ఉంది. ఆస్ట్రేలియాలో జెనిఫర్ మెకింతోష్ అనే మనస్తత్వవేత్త, పిల్లల మాట విన్న మధ్యవర్తిత్వాన్నీ, పిల్లల గురించి మాట్లాడుకున్నా వాళ్ళను నేరుగా వినని మధ్యవర్తిత్వాన్నీ పోల్చి చూశారు. ఏడాది తరవాత చూస్తే మొదటి రకం ఒప్పందాలే ఎక్కువగా నిలబడ్డాయి. కారణం ఊహించడం కష్టం కాదు. ఎదుటి పక్షం లాయరు చెబితే చెవిన పెట్టని తండ్రి, తన కూతురు అన్న మాటను మూడో మనిషి చెబితే ఆగి వింటాడు. తల్లి అయినా అంతే.

ఇప్పుడు వీడియో సంగతి. మీ మనవరాలు ఆ మాట అబద్ధంగా అన్నదని నేను అనడం లేదు. కానీ ఆ మాట ఎక్కడ అన్నది? అమ్మమ్మ ఇంట్లో, తాతయ్య ఫోన్ ముందు, అమ్మ పక్క గదిలో ఉండగా. పిల్లలు తాము ఎవరి నీడలో ఉన్నారో వాళ్ళను బాధపెట్టే మాట అనరు. ఇదే పిల్ల డాలస్‌లో నాన్న ఎదురుగా ఉంటే ఇంకో మాట అనవచ్చు, అదీ నిజమే కావచ్చు. 11 ఏళ్ళ బిడ్డ రెండు నిజాలను ఒకేసారి మోయగలదు; వీడియో ఒకదాన్నే పట్టుకుంటుంది. పైగా మధ్యవర్తుల చేతికి ఆ వీడియో వెళ్ళిన మరుక్షణం, అల్లుడి లాయరు దాన్ని పిల్లకు నూరిపోసినదానికి సాక్ష్యంగా చూస్తాడు. ఎన్నేళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పారో మీకే తెలుసు; ప్రశ్న అడిగే తీరులోనే జవాబు దాగి ఉంటుందని మీకు నేను చెప్పనక్కర్లేదు.

న్యాయస్థానాలు కూడా ఈ తేడాను గుర్తించాయి. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టంలోని 17వ సెక్షన్, తెలివిగా ఇష్టాన్ని ఏర్పరచుకోగల వయసు వచ్చిన మైనరు ఇష్టాన్ని కోర్టు పరిగణించవచ్చని చెబుతుంది. పరిగణించవచ్చనే గానీ పాటించి తీరాలని కాదు. 1956 నాటి హిందూ మైనారిటీ (అంటే మైనరు వయసు), సంరక్షకత్వ చట్టం బిడ్డ క్షేమమే అన్నిటికన్నా ముఖ్యమంటుంది. 2022లో, అమెరికా నుంచి తల్లి తీసుకువచ్చిన ఒక బాలుడి కేసులో సుప్రీంకోర్టు, బిడ్డ కోరిక ఏమిటన్నది ఒక ప్రశ్న అని, బిడ్డకు మేలైనది ఏమిటన్నది మరో ప్రశ్న అని విడదీసి చెప్పి, ఆ బాలుణ్ణి తిరిగి అమెరికా పంపించింది. కనుక వీడియోతో తేలిపోతుందన్న భరోసా మీకు చట్టం ఇవ్వడం లేదు. టెక్సస్ వైపు చూస్తే, అక్కడి చట్టం ప్రకారం 12 ఏళ్ళు నిండిన బిడ్డతో, పక్షాల్లో ఒకరు కోరితే, జడ్జి తన చాంబరులో మాట్లాడి తీరాలి. అంతకన్నా చిన్నవాళ్ళ విషయం జడ్జి ఇష్టం. మీ మనవరాలికి ఆ వయసు రావడానికి ఎంతో దూరం లేదు. జడ్జి గదిలో కొద్ది నిమిషాలు మాట్లాడడం కన్నా, ఇక్కడ తీరిగ్గా ఒకటికి రెండుసార్లు ఒక నిపుణురాలితో మాట్లాడడం పిల్లకు మేలని నా అభిప్రాయం.

మధ్యవర్తిత్వం విఫలమైతే ఏమవుతుందో కూడా మీకు తెలిసి ఉండాలి, ఎందుకంటే ఆ భయమే ఇంట్లో పెద్దవాళ్ళను పిల్లల చేత మాటలు చెప్పించేలా చేస్తుంది. పిల్లలను ఒక దేశం నుంచి మరో దేశానికి తీసుకుపోయిన సందర్భాల కోసం 1980లో చేసుకున్న హేగ్ ఒప్పందంలో భారతదేశం చేరలేదు. అందువల్ల ఆ ఒప్పందం కింద ఇక్కడి నుంచి పిల్లలను వెనక్కు రప్పించే యంత్రాంగం లేదు. చాలామంది దీన్ని "ఇండియా వచ్చేస్తే ఇక భయం లేదు" అని అర్థం చేసుకుంటారు, అది పొరపాటు. తండ్రి అమరావతిలోని హైకోర్టులో హేబియస్ కార్పస్ పిటిషన్, అంటే పిల్లలను కోర్టు ముందు హాజరుపరచమని కోరే పిటిషన్, వేయవచ్చు. 2017లో ఒక కేసులో సుప్రీంకోర్టు, విదేశీ కోర్టు ఉత్తర్వు అన్నది పరిశీలించవలసిన అంశాల్లో ఒకటి మాత్రమేనని చెప్పి పాపను ఇక్కడే తల్లి వద్ద ఉండనిచ్చింది. 2019లో, తల్లి అమెరికా నుంచి హైదరాబాద్ తీసుకువచ్చిన ఇద్దరు పిల్లల విషయంలో, వాళ్ళ సాధారణ నివాసం అమెరికాయేనని, ఇక్కడి కుటుంబ న్యాయస్థానానికి ఆ కేసు వినే అధికారం లేదని తేల్చి, వెనక్కు వెళ్ళమంది. ఇక టెక్సస్ చట్టం ప్రకారం, పిల్లలు ఆ రాష్ట్రం విడిచిన 6 నెలల లోపు కేసు పడి, తల్లిదండ్రుల్లో ఒకరు ఇంకా అక్కడే ఉంటే, కస్టడీ విషయం వినే అధికారం అక్కడి కోర్టుకే ఉంటుంది. జూన్‌లో వస్తే అక్టోబరులో కేసు పడింది కనుక మీ అల్లుడు ఆ గడువు లోపలే ఉన్నాడు. ఇవన్నీ మీ అమ్మాయి లాయరు లెక్క వేసుకోవలసిన విషయాలు. నేను చెప్పదలచింది ఒక్కటే: ఏ వైపు తీర్పు వస్తుందో ముందుగా చెప్పలేని ఇలాంటి చోట, ఇద్దరూ కూర్చుని కుదుర్చుకున్న ఒప్పందమే పిల్లలకు ఉన్నంతలో స్థిరమైన నేల.

ఇక పిల్లలతో మాట్లాడే ఏర్పాటు గురించి. ఇక్కడే నేను ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మంచి ఉద్దేశంతో మొదలైనవి కూడా ఏర్పాట్లు సరిగ్గా లేక చెడిపోతాయి.

మాట్లాడే మనిషి మధ్యవర్తులు ఇద్దరిలో ఒకరు కాకపోతేనే మంచిది. పిల్లల మనస్తత్వంలో శిక్షణ, అనుభవం ఉన్న వేరే వ్యక్తి కావాలి. తల్లికీ తండ్రికీ ఇద్దరికీ నమ్మకం ఉండాలి. ఎవరి వైపు బంధుత్వమూ, పాత పరిచయమూ ఉండకూడదు. మీకు తెలిసిన డాక్టరు గారి కోడలు సైకాలజీ చదివిందని ఆమెను పెట్టడం సరికాదు. జర్మనీలో ఇలాంటి కేసుల్లో పనిచేసేవారు, 2007లో పోలండ్‌లోని వ్రొత్స్వాఫ్ నగరంలో చేసిన ప్రకటనను అనుసరించి, మధ్యవర్తులను జంటగా పెడతారు: ఒకరు స్త్రీ ఒకరు పురుషుడు, ఒకరు న్యాయరంగం ఒకరు మనస్తత్వ రంగం, ఇద్దరిలో ఒక్కొక్కరికి ఒక్కో దేశపు సంస్కృతి తెలిసి ఉండాలి. మీ మధ్యవర్తులు ఒకరు ఇక్కడ, ఒకరు అక్కడ ఉండడం కూడా ఆ ఆలోచనకు దగ్గరదే. పిల్లలతో మాట్లాడే మనిషికీ ఈ రెండు లోకాలూ తెలియాలి. అమెరికాలో అయిదో తరగతి ఎలా ఉంటుందో తెలియని మనిషికి, గుంటూరు స్కూల్లో పిల్ల ఎందుకు ఉక్కిరిబిక్కిరి అవుతోందో అర్థం కాదు. అమ్మమ్మ ఇల్లు ఎలా ఉంటుందో తెలియని మనిషికి, ఆ పిల్ల ఇక్కడ ఏం పొందిందో అర్థం కాదు.

భాష విషయం పిల్లకే వదలండి. ఆమె మీతో తెలుగు చక్కగా మాట్లాడుతూ ఉండవచ్చు. కానీ భయం, కోపం, సిగ్గు లాంటివి ఆమె ఇంగ్లీషులోనే చెప్పుకోగలిగితే అలాగే చెప్పనివ్వాలి. తమ్ముడి విషయంలో అటూ ఇటూ కలిసి రావచ్చు. రెండూ వచ్చిన మనిషి ఉంటే దుబాసీ అవసరం ఉండదు. పిల్లల విషయంలో దుబాసీని నేను వీలైనంతవరకు వద్దంటాను.

చోటు మీ ఇల్లు కాకూడదు. వీడియో కాల్‌లో అయితే అసలే కాకూడదు, ఎందుకంటే తెర అవతల కూర్చున్న మనిషికి తలుపు వెనక ఎవరున్నారో కనిపించదు, పిల్లకు మాత్రం తెలుసు. గుంటూరులోనో విజయవాడలోనో ఎవరిదీ కాని ఒక గది చూసుకుని, నిపుణురాలు ఎదురుగా కూర్చుని మాట్లాడేలా చేయండి. పిల్లలను అక్కడికి తీసుకువెళ్ళేది ఎవరన్నది కూడా ముందుగా అనుకోవాలి. మీరు తీసుకువెళితే భవనం బయటే ఆగిపోండి. అక్కా తమ్ముళ్ళను విడివిడిగా, తరవాత కాసేపు కలిపి చూడాలి. లేకపోతే అక్క జవాబులే తమ్ముడివి అవుతాయి. 6 ఏళ్ళ పిల్లవాడితో ప్రశ్నలూ జవాబులూ నడవవు. ఆటవస్తువులు, బొమ్మలు గీయడం, కథలు, ఈ మార్గంలోనే అతని లోకం తెలుస్తుంది. అతను గీసిన ఇంటి బొమ్మలో నాన్న లేడు కనుక నాన్న అక్కర్లేదని తేల్చే తొందర ఎవరూ పడకూడదు. ఆ కాగితం ఏ కోర్టు ఫైల్లోకీ వెళ్ళకూడదు.

వీటన్నిటికన్నా కీలకమైనది మరొకటి ఉంది, అది మీకు కాస్త కష్టంగా ఉండవచ్చు. నెలల తరబడి నాన్నతో మనసు విప్పి మాట్లాడని బిడ్డ, నాన్న గురించి ఏం చెప్పినా అది దూరం మాట్లాడించిన మాటే అవుతుంది. నిపుణురాలిని కలిసే ముందు కొన్ని వారాలపాటు పిల్లలు తండ్రితో నిశ్చింతగా మాట్లాడే ఏర్పాటు జరగాలి. ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని వినడం ఆ ఏర్పాటు కాదు. పిల్లకు ఒక గది, ఒక ఫోన్, ఒక సమయం ఇచ్చి తలుపు దగ్గరగా వేయండి. తల్లిదండ్రులు వేరువేరు దేశాల్లో ఉన్నప్పుడు ఫోన్, వీడియో కాల్ ద్వారా సంబంధం నిలవాలని 2020లో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పింది. వీలైతే అల్లుడు ఒకసారి వచ్చి పిల్లలతో కొన్ని రోజులు గడపడం ఇంకా మంచిది.

అమెరికా దూరం సరే, సత్యనారాయణపురం మీకు గంట ప్రయాణం. అక్కడ ఆ పిల్లలకు నానమ్మ, తాతయ్య ఉన్నారు. ఆరు నెలలుగా వాళ్ళను చూడనివ్వకపోవడానికి కారణం మీ ఉత్తరంలో లేదు. పిల్లలను అటునుంచి అటే తీసుకుపోతారన్న భయమైతే దానికి మార్గాలున్నాయి. పాస్‌పోర్టులు మధ్యవర్తుల సమ్మతితో ఒక తటస్థ వ్యక్తి వద్ద ఉంచవచ్చు, మొదటి రెండు మూడు కలయికలు మూడో మనిషి సమక్షంలో జరగవచ్చు. వియ్యాలవారికి ఫోన్ చేయవలసింది మీరే అని నాకనిపిస్తోంది. అమ్మాయి చేయలేదు, అల్లుడు చేయలేడు.

పిల్లలు చెప్పింది ఎవరికి చేరుతుంది, కోర్టులో వాడతారా అన్నారు. ముందే రాసుకోవలసిన షరతు ఇదే. మామూలుగా జరిగేది ఇది: మాటలు ముగిశాక నిపుణురాలు పిల్లను "ఇందులో అమ్మానాన్నలకు ఏది చెప్పమంటావు, ఏది వద్దంటావు?" అని అడుగుతుంది. పిల్ల ఒప్పుకున్నంత మేరకే, ఇద్దరు తల్లిదండ్రులకూ ఒకే సమావేశంలో, ఒకే మాటల్లో చెబుతుంది. ఆ సమావేశంలో తాతలూ మామయ్యలూ ఉండరు. నివేదిక రాయదు, రాసినా అది మధ్యవర్తిత్వం దాటి పోదు. ఇరుపక్షాలూ, లాయర్లూ సంతకం చేసే ఒప్పందంలో "పిల్లలు చెప్పినది ఏ దేశంలోనూ ఏ కోర్టులోనూ సాక్ష్యంగా పెట్టము, ఆ నిపుణురాలిని సాక్షిగా పిలవము" అన్న వాక్యం ఉండాలి. టెక్సస్ లాయరు కూడా ఆ వాక్యాన్ని చూసి, అక్కడి చట్టం కింద అది ఎంతవరకు నిలుస్తుందో రాతపూర్వకంగా చెప్పాలి. ఈ ఒక్క పనికి బద్ధకించవద్దు.

ఈ గోప్యతకు ఒక మినహాయింపు ఉంది, దాన్ని పిల్లకు కూడా మొదట్లోనే చెబుతారు. తనకు గానీ తమ్ముడికి గానీ ఎవరైనా హాని చేస్తున్నారని పిల్ల చెబితే ఆ మాట దాచరు. 2023లో పార్లమెంటు చేసిన మధ్యవర్తిత్వ చట్టం గోప్యతకు రక్షణ కల్పిస్తూనే, గృహహింసకూ పిల్లలపై హింసకూ సంబంధించిన సమాచారాన్ని ఆ రక్షణ నుంచి మినహాయించింది. లైంగిక వేధింపు అయితే పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవారు పోలీసులకు చెప్పితీరాలి.

ఇంత చేస్తే పిల్లలు చెప్పేది ఏముంటుందని మీకు అనిపించవచ్చు. దేశాల గురించి వాళ్ళు మాట్లాడేది తక్కువ. నాన్నతో మాట్లాడుతుంటే అమ్మ మొహం మారిపోతుందని చెబుతారు. కొత్త స్కూల్లో తన తెలుగు ఉచ్చారణను వెక్కిరిస్తున్నారని, ఆ సంగతి ఇంట్లో చెబితే "చూశావా, అందుకే వెళ్ళిపోదాం" అనో "అదేం లేదు, సర్దుకో" అనో అంటారని చెప్పలేదని అంటారు. అక్కడ వదిలేసి వచ్చిన పెంపుడు కుక్కకు ఎవరు అన్నం పెడుతున్నారని అడుగుతారు. మళ్ళీ నాన్న దగ్గరికి వెళితే అమ్మ ఒంటరిదైపోతుందా అని అడుగుతారు. ఇలాంటి మాటలు విన్న తరవాత ఒప్పందం రాసే తీరు మారుతుంది. "తండ్రికి సముచితమైన సందర్శన హక్కు ఉంటుంది" అన్న ఎండు వాక్యం స్థానంలో ఏ రోజు, ఏ గంటకు, ఎవరి ఫోన్‌లో, ఎవరు పక్కన లేకుండా అన్నవి వస్తాయి. మన రాష్ట్రంలో వేసవి సెలవులు ఏప్రిల్ చివర మొదలై జూన్ రెండో వారానికి ముగుస్తాయి. డాలస్ స్కూళ్ళకు మే చివర మొదలై ఆగస్టు నడుమ దాకా ఉంటాయి. పిల్లలు ఇక్కడ చదివితే మే నెల నాన్న దగ్గర, అక్కడ చదివితే జూన్, జూలై ఇక్కడ; దసరాకో సంక్రాంతికో నాన్న రావడమా, వీళ్ళు వెళ్ళడమా; టిక్కెట్టు ఖర్చు ఎవరిది. ఈ లెక్కలు వేసేటప్పుడు, 11 ఏళ్ళ పిల్లకు తమ్ముణ్ణి పక్కన పెట్టుకుని ఒంటరిగా ఇంత దూరం విమానంలో రావడం భయమని ముందుగా తెలిసి ఉండడం ఎంత మేలో చూడండి.

పెద్దమనుషులను నేను పూర్తిగా కాదనడం లేదు. వాళ్ళు చేయగల పని వేరే ఉంది. బంగారం, ఇచ్చిపుచ్చుకున్నవి, ఇక్కడి స్థలాలు, పెళ్ళి ఖర్చుల పాత లెక్కలు లాంటివి వాళ్ళు పక్కన కూర్చుని తేల్చగలిగితే, మధ్యవర్తుల బల్ల మీద పిల్లల విషయం ఒక్కటే మిగులుతుంది. డబ్బు తగాదాలో పిల్లలు బేరానికి పనికొచ్చే వస్తువులైపోయిన కేసులు ఎక్కువ. ఆ రెంటినీ విడదీయడమే మీ వంటి పెద్దలు చేయగల గొప్ప సాయం.

ఒక విషయంలో మాత్రం నేను పైన చెప్పినదంతా ఆపి ఉంచమంటాను. మీ అమ్మాయి ఎందుకు వచ్చేసిందో మీరు రాయలేదు. అది సర్దుబాటు కాని కాపురమైతే సరే. అక్కడ దెబ్బలు, బెదిరింపులు, పిల్లల ముందు హింస ఉండి ఉంటే, ముందు ఆ సంగతి మధ్యవర్తులకు విడిగా చెప్పాలి. అప్పుడు మధ్యవర్తిత్వం సాగాలా వద్దా అన్నదే మొదటి ప్రశ్న అవుతుంది, తండ్రితో కాల్స్, పిల్లలతో సంభాషణ ఆ తరవాత. మీ అమ్మాయి మీతో చెప్పకపోవచ్చు. వాళ్ళ అమ్మను అడగమనండి, లేదా లాయరు ఒంటరిగా అడిగేలా చూడండి. ఉచిత న్యాయ సలహా కావాలంటే గుంటూరులోని జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది, 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చూపిస్తారు.

ఒప్పందం కుదిరితే అది తెల్లకాగితం మీద ఆగిపోకూడదు. టెక్సస్ కోర్టులోనూ ఇక్కడి కుటుంబ న్యాయస్థానంలోనూ ఒకే మాటలతో ఉత్తర్వులు తీసుకోవాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఎ సెక్షన్ కింద బ్రిటన్‌కు వర్తించే పరస్పర గుర్తింపు అమెరికాకు వర్తించదు కనుక, ఒక చోట ఉత్తర్వు రెండో చోట తనంతట తాను అమలు కాదు. మీ అమ్మాయి వీసా ఏ రకమో, ఆమె తిరిగి వెళ్ళవలసివస్తే ఎలా ఉండగలదో, అక్కడ క్రిమినల్ కేసు ప్రమాదం ఉందో లేదో, ఇవన్నీ సంతకానికి ముందే తేలాలి.

పిల్లలు నిపుణురాలిని కలిసే ముందురోజు ఇంట్లో ఎవరూ ఏమీ నేర్పవద్దు. వాళ్ళకు చెప్పవలసిన నాలుగు మాటలు తల్లిదండ్రులు ఇద్దరూ ముందే అనుకుని, ఒకేలా చెప్పాలి: "నువ్వు ఎక్కడ ఉండాలో తేల్చేది అమ్మా నాన్నా. నీకు ఏది బాగుంది, ఏది కష్టంగా ఉంది అన్నది ఒక ఆంటీ వింటుంది. చెప్పాలనిపించకపోతే చెప్పనక్కర్లేదు. ఏం చెప్పినా మేమిద్దరం నీ మీద కోపం తెచ్చుకోం." తిరిగి వచ్చాక "ఏం అడిగారు, నువ్వేమన్నావు?" అని మీరు అడగవద్దు, అమ్మమ్మనూ అడగనివ్వకండి, టిఫిన్ పెట్టి ఆడుకోమనండి. పిల్లే వచ్చి చెబితే వినండి, మెచ్చుకోవద్దు, సరిదిద్దవద్దు. చివరికి ఒప్పందం కుదిరినా కుదరకపోయినా ఆ సంగతి పిల్లలకు తెలియజేయవలసింది వాళ్ళ అమ్మా నాన్నా, ఇద్దరూ ఒకే కాల్‌లో ఉండి. తను చెప్పిన వాటిలో ఏవి కుదిరాయో, ఏవి ఎందుకు కుదరలేదో ఆ పిల్లకు అప్పుడే చెప్పాలి. ఆ కాల్ కోసం ఒక తేదీని ఒప్పందంలోనే రాయించమని మీ అమ్మాయికి చెప్పండి.